ఒప్పజెప్పుడు
గోదావరిఖని ప్రాంతపు మాటలో పనైనా పాఠమైనా ‘ఒప్పజెప్పు’తారు. షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి పని ఒప్పజెప్తాడు, పిల్లవాడు పంతులుకు ఎక్కాలు ఒప్పజెప్తాడు. వల్లెవేయడం ఒంటరిగానూ సాగుతుంది. ఒప్పజెప్పడానికి మాత్రం తప్పు పట్టే చెవి ఎదురుగా ఉండాలి. ఈ మాటలోని అసలు పట్టు అదే.

ఎంతైనా చిలకపలుకులే కదా అనేవారున్నారు. వీధిబడుల్లో పిల్లలు అర్థం తెలియని పద్యాలు కంఠస్థం చేస్తున్నారని బళ్లారి కలెక్టర్ క్యాంప్‌బెల్ 1823లోనే రాశాడు. నిజమే, కానీ ఆ లోపం అర్థం విప్పని చదువుది, జ్ఞాపకానిది కాదు. 2016 దాకా గోదావరిఖని ఉన్న కరీంనగర్ జిల్లా ఒగ్గు కథకులనే చూడండి. మల్లన్న, బీరప్ప కథలు విని నేర్చినవే. అయినా జనాన్ని బట్టి ఒకచోట సాగదీస్తారు, ఒకచోట కుదిస్తారు. అర్థం తెలియని నోటికి అది చేతకాదు.