తెల్లగోడపై రంగుల యాత్ర

వార్షికోత్సవములన్న ఆదివారపు పత్రికలకు గల మక్కువ అందరెరిగినదే. మహాపురుషులకును మహాయుద్ధములకును జరుగు ఆ మర్యాద ఈ వారము ఒక ఫిల్ముచుట్టకు దక్కుచున్నది. 35 మిల్లీమీటర్ల చిన్న కెమెరాలలో వేసికొనుటకు కొడాక్ సంస్థవారు కొడాక్రోమ్ రంగుల ఫిల్మును విపణికి తెచ్చినది 1936లో. అనగా బాటసారి తాను చూచిన దేశమును చూచిన రంగులతోనే జేబులో వేసికొని యింటికి వచ్చి, నలుగురిని కూర్చుండబెట్టి చూపు వేడుకకు ఇప్పటికి తొంభై యేండ్లు. ఆ ఫిల్ము నేడు లేదు. దానిని కడుగు శాలలును లేవు. అయినను యాత్రాచిత్రములను పంచుకొను పద్ధతి యెప్పుడెట్లు మారినదో విచారించినచో ఆ ఫిల్మే కథకు నడుమ నిలుచును. చిత్రము ఎట్టి వస్తువో, దానిని పంచుకొను మర్యాదయు అట్టిదే యగునని నా అభిప్రాయము.

యాత్ర చేసినవాడు చేయనివారికి చూపవలెనను కోరిక నేటిది కాదు. చూపుటకు సాధనము లేని శతాబ్దములలో మాటయే చిత్రమయ్యెను. ఫాహియాను మొదలుకొని పరదేశ యాత్రికులందరును మాటలతోనే మన దేశమును తమ దేశమునకు కొనిపోయిరి. మన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశీకి బయలుదేరి, మజిలీ మజిలీలోను తాము చూచిన యూళ్లను, ఏళ్లను, దొరకు సరకులను తమ మిత్రులైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి జాబులుగా వ్రాసి పంపగా, అవియే 1838లో కాశీయాత్రచరిత్రయై అచ్చుపడినవి. ఆ మరుసటి సంవత్సరమే పారిస్ నగరమున డాగేర్ కనిపెట్టిన ఛాయాచిత్రణము లోకమునకు ప్రకటింపబడుట ఒక విచిత్రమైన యాదృచ్ఛికము; వీరాస్వామయ్యగారికి ఒక కెమెరాపెట్టె చేతికంది యుండినచో మన వచనవాఙ్మయమునకు ఎంత నష్టము వాటిల్లెడిదో కదా!

అటుపిమ్మట ఛాయాచిత్రము లోకమంతయు తిరిగినది గాని రంగు దానికి చిరకాలము అంటలేదు. 1905లో కీర్తిశేషుడైన రాజా దీన్ దయాళ్, హైదరాబాదు నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడై కోటలను, గుళ్లను, దర్బారులను చిత్రించినదంతయు నలుపు తెలుపులలోనే. పాశ్చాత్యదేశములలో గాజుపలకలపై చేతితో రంగులద్ది, మాయాదీపము ముందుంచి, టిక్కెట్టు పెట్టి ప్రసంగించు యాత్రికులుండిరి. అమెరికాలో బర్టన్ హోమ్స్ అనునాయన దానినే జీవనవృత్తిగా చేసికొనెను. 1907లో లూమియేర్ సోదరులు బంగాళాదుంప పిండిరేణువులకు రంగులు వేసి గాజుపై పరచి ఆటోక్రోమ్ పలకను విక్రయింపసాగిరి. పారిస్‌లోని ఆల్బర్ట్ కాన్ అను ధనికుడు ఆ పలకలతో లోకమంతటికిని ఛాయాకారులను పంపి, 1909 మొదలు 1931 వరకు సుమారు 72,000 రంగుచిత్రములను కూర్చెను. ఆయన దూత స్తెఫాన్ పాసే మన దేశమునకును వచ్చెను. కాని ఆ చిత్రములను చూచినవారు చాలవరకు ఆ ధనికుని యింటికి పిలుపు వచ్చినవారే. పలక బరువు; పగులునను భయము; కెమెరా ముందు నిలిచినవాడు కొన్ని సెకనులు కదలకుండవలెను. సామాన్యుడు మోసికొనిపోగల రంగు కాదది.

ఇక నాకు మిక్కిలి ప్రీతిపాత్రమైన ఘట్టమునకు వచ్చుచున్నాను; ఇచ్చట పాఠకులు కొంత సావకాశముగా కూర్చుండవలెను. ఆ రంగును సామాన్యుని జేబులో వేసినవారు రసాయనాచార్యులు కారు, ఇద్దరు సంగీతవిద్వాంసులు. ఇరువురి పేరును లియొపోల్డే. లియొపోల్డ్ మానెస్ పియానో వాయించువాడు. తలిదండ్రులు న్యూయార్కులో సంగీతపాఠశాల నెలకొల్పినవారు. లియొపోల్డ్ గొడౌస్కీ ఫిడేలు వాయించువాడు. తండ్రి లోకప్రసిద్ధుడైన పియానో విద్వాంసుడు. బడిలో చదువుకొను ప్రాయమున, 1917లో, వీరిరువురును నౌకాదళమును గూర్చిన యొక రంగుల చలనచిత్రమును చూడబోయి, ఆ రంగులు రంగులవలె లేవని విసుగుకొని, ఇంతకంటె మేలైనది మనమే చేయవచ్చునని నిశ్చయించుకొనిరి. ఆ వయస్సున అట్టి నిశ్చయములు అందరును చేసికొందురు. వీరు మాత్రము దానిని పదునెనిమిదేండ్లు విడువలేదు.

కచేరీలు, పాఠములు, కళాశాల చదువులు ఒకవంక నడచుచుండగా, తలిదండ్రుల వంటయిండ్లును స్నానపుగదులును వీరికి ప్రయోగశాలలయ్యెను. ఒక పెట్టుబడి సంస్థవారు వీరి పని చూచి రమ్మని తమ యువోద్యోగిని పంపగా, ఆనాటి చలికి పలకపై బొమ్మ యెంతకును తేలిరాకపోయెనట. వచ్చిన అతిథికి విసుగు పుట్టకుండుటకై ఇరువురును నడుమ నడుమ ఫిడేలు, పియానో జతకలిపి వాయించి వినిపించిరి. తుదకు బొమ్మ వచ్చినది. వెనువెంటనే డబ్బును వచ్చినది. డబ్బు బొమ్మకు వచ్చినదో పాటకు వచ్చినదో చరిత్రకారులు తేల్చలేదు.

1930లో కొడాక్ పరిశోధనాధిపతి మీస్ పండితుడు వీరిని రాచెస్టరునకు పిలిపించి సంస్థలోనే చేర్చుకొనెను. ఫిల్ముపై మందు ఎంత లోతునకు ఇంకినదో, ఏ పొర ఎన్ని క్షణములు తడిసినదో కచ్చితముగా తెలియనిదే ఈ పని సాగదు. చిమ్మచీకటిగదిలో గడియారపు ముల్లు కానరాదు. అందుచే వీరిరువురును బ్రామ్స్ రచించిన సీ మైనర్ సింఫనీలోని తుది భాగమును సెకనుకు రెండు తాళముల లెక్కన ఈలవేయుచు కాలమును కొలిచిరి. గడియారము తప్పినను తమ లయ తప్పదని వారి ధీమా. మన వీణాచార్యుడెవరైన చీకటిగదిలో తొడపై ఆదితాళము వేసికొనుచు ఫిల్ము కడిగినట్లు ఊహించుకొన్నచో ఆ దృశ్యము మనకు బోధపడును. ప్రక్క గదులలోని శాస్త్రజ్ఞులు ఈ ఈలలు విని ఏమనుకొనిరోగాని, 1935 ఏప్రిల్ 15న 16 మిల్లీమీటర్ల చలనచిత్రపు ఫిల్ముగా కొడాక్రోమ్ వెలువడినది. మరుసటి యేడు చిన్న కెమెరాలకును వచ్చినది. పిమ్మట మానెస్ తలిదండ్రుల సంగీతపాఠశాలకు అధ్యక్షుడయ్యెను. గొడౌస్కీ, సుప్రసిద్ధ స్వరకర్త జార్జ్ గెర్ష్విన్ చెల్లెలిని అదివరకే వివాహమాడి యుండెను. రంగు పుట్టినిల్లును మెట్టినిల్లును సంగీతమే యనవచ్చును.

ఈ ఫిల్ములోని కిటుకు ఏమనగా, కెమెరాలో ఉన్నంతసేపు దానిలో రంగే లేదు. నీలము, ఆకుపచ్చ, ఎరుపు వెలుగులను వేర్వేరుగా గ్రహించు పొరలు మాత్రమే కలవు. రంగులన్నియు కడుగునప్పుడు ఒక్కొక్క పొరకు ఒక్కొక్కటిగా చేర్పబడును. ఆ పని ఇంటిలోగాని వీథిచివరి స్టూడియోలోగాని సాధ్యము కాదు. కాబట్టి కొడాక్ వారు ఫిల్ము వెలలోనే కడుగుకూలిని కలిపి అమ్మిరి. ఇది గుత్తాధిపత్యమని అమెరికా ప్రభుత్వము ఆక్షేపింపగా 1954 పిమ్మట ఆ రెండు వెలలను వేరు చేయవలసివచ్చినది. యాత్రికుడు చుట్టను టపాలో పంపి, దినముల తరబడి తపాలా జవాను కొరకు ఎదురుచూచెడివాడు. అట్టచట్రములలో బిగించిన స్లైడుల చిన్నడబ్బా వచ్చిననాడు ఇంట పండుగయే.

ఇప్పుడు అసలు సంగతికి వచ్చితిమి. ఈ స్లైడు నకలు కాదు. కెమెరాలో వెలుగు తగిలిన ఫిల్ముముక్కయే కడుగబడి, కత్తిరింపబడి, చేతికి వచ్చును. నెగెటివు వేరే లేదు. 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు గల ఆ ముక్కను కిటికీవైపు ఎత్తి చూచిన గోపురము గోరంత. వెలుగుకు ఏటవాలుగా వంచిన, మందు పూసిన వైపున బొమ్మ గీతలు సన్నని చెక్కడమువలె కానవచ్చును. ఒకే ప్రతి యగుటచే దానిని చుట్టములకు పంపుటకు మనసొప్పదు. చిన్నదగుటచే చేతులు మార్చుకొని చూచుటకు వీలుపడదు. మిగిలిన మార్గమొక్కటే: చూడవలసినవారు రావలెను, దీపములార్పవలెను, గోడపై చూడవలెను. స్లైడుసాయంకాలము అను గృహోత్సవము ఎవరి బుద్ధిలోనుండియు పుట్టినది కాదు, ఆ ఫిల్ముముక్క స్వభావమునుండియే పుట్టినది.

ఆ సభకు దానిదైన శాస్త్రమొకటి కలదు. స్లైడును తలక్రిందుగా పెట్టిననే గోడపై నిటారుగా నిలుచును. ఒకటి తప్పిన దేవాలయము శీర్షాసనము వేయును, పిల్లలు గొల్లుమందురు. దీపపు వేడికి ఫిల్ము ఉబ్బి బొమ్మ ఉన్నట్టుండి మసకబారిన యజమాని కటకమును సవరించును. పంకా రొద, కాలిన ధూళి వాసన, వెలుగుదారిలో తేలు రేణువులు. యజమాని ప్రతి బొమ్మకును కథ చెప్పును. యజమానురాలు ఆ కథను సవరించును. 1961లో కొడాక్ వారి కరౌసెల్ ప్రొజెక్టరు వచ్చి, గుండ్రని పళ్ళెములో 80 స్లైడులను ఒక్కసారిగా అమర్చు సౌకర్యము కల్పించుటతో అతిథుల కష్టములును ఆ మేరకు వృద్ధిపొందినవి. నాల్గవ పళ్ళెము వేళకు నిద్రించు అతిథిని గూర్చి అమెరికా వ్యంగ్యచిత్రకారులు ఎన్నో యేండ్లు కడుపు నింపుకొనిరి. అయినను ఆ నిద్రించినవాడును తన యింటినుండి నడచి వచ్చినవాడే, కాఫీ త్రాగినవాడే, పోవునప్పుడు చాల బాగున్నదని చెప్పినవాడే.

ఆ కాలమున గొప్ప యాత్రలు పెక్కు ఈ జాతి ఫిల్ముపైననే లోకమునకు వచ్చినవి. 1953లో ఎవరెస్టు శిఖరముపై తేన్సింగును హిల్లరీ చిత్రించినది కొడాక్రోమ్ పైననే. 1968 డిసెంబరు 24న చంద్రుని చుట్టు తిరుగుచు అపోలో 8 లోని ఆండర్స్ భూమ్యుదయమును పట్టినది దాని సోదరి ఎక్టాక్రోమ్ పైన. అదియు దూరపు యాత్రలో తీసిన ఇంటిబొమ్మయే. న్యూయార్కు గ్రాండ్ సెంట్రల్ రైలుస్టేషనులో 1950 మొదలు 1990 వరకు కొడాక్ వారు 18 అడుగుల ఎత్తు, 60 అడుగుల వెడల్పు గల రంగుల పారదర్శకచిత్రములను దీపములతో వెలిగించి నిలిపిరి. పిలుపులేని అతిథులకు స్లైడుసాయంకాలమది.

మన వైపు కథ కొంత వేరు. 1965 నాటి వలస చట్టము పిమ్మట అమెరికా చేరిన తెలుగు వైద్యులు, ఇంజనీర్లు నయాగరాను స్లైడులుగా తెచ్చి చూపవలెనన్న, అచ్చటి 120 వోల్టుల యంత్రమునకు ఇచ్చటి 230 వోల్టుల కరెంటు సరిపడదు గనుక ట్రాన్స్‌ఫార్మరును కూడ వెదకవలెను. తెల్లదుప్పటి మాత్రము ప్రతి యింటను దొరకును. మనవారికి అచ్చివచ్చినది నెగెటివునుండి కాగితముపై వేయు ప్రింటే. 1942లో కొడాకలర్ తో ఆరంభమైన ఆ మార్గము 1980లకు మన పట్టణములలోని కలర్‌ల్యాబుల రూపము దాల్చినది. కాశీ, రామేశ్వరము తిరిగివచ్చినవారు రీలులో మిగిలిన నాలుగు బొమ్మలను ఇంటి గుమ్మము ముందు తీసి వృథా కాకుండ చూచుకొని, 36 కాపీలు వేయించి, ల్యాబువారు ఉచితముగా ఇచ్చిన చిన్న ఆల్బములో దోపి, వచ్చినవారి చేతిలో పెట్టెడివారు. దీపమార్పనక్కరలేదు, కథయు క్లుప్తమయ్యెను, అడిగినవారికి మరియొక కాపీ వేయించి పంపవచ్చును. వస్తువు మారినది, మర్యాద మారినది.

ఇచ్చటినుండి కథ చిక్కుపడుచున్నది. అంకెల కెమెరాను 1975లో తొలుత నిర్మించినవాడు కొడాక్ ఉద్యోగి స్టీవెన్ సాసనే. ఆ అంకెలే కొడాకును 2012లో దివాలా కోర్టు మెట్లెక్కించినవి. కొడాక్రోమ్ తయారీని ఆపుచున్నట్లు 2009 జూన్ 22న ప్రకటించిరి. తుది చుట్టను ఛాయాచిత్రకారుడు స్టీవ్ మెక్‌కరీకి ఇచ్చిరి. ఆయన ఆ 36 బొమ్మలను న్యూయార్కులోను, మన ముంబయి, రాజస్థానములలోను, ఇస్తాంబులులోను పొదుపుగా వాడి, 2010లో కాన్సాస్ రాష్ట్రపు పార్సన్స్ పట్టణమునకు తానే కొనిపోయి కడిగించెను. అప్పటికి లోకములో ఆ ఫిల్మును కడుగు శాల అదొక్కటే. 2010 డిసెంబరు 30 తరువాత వారును చుట్టలు తీసికొనుట మానిరి. నేడు ఒక్క మధ్యాహ్నములో అంతకు పదిరెట్లు బొమ్మలు తీసి, రైలు దిగకముందే వందమందికి పంపుచున్నాము. చూచినవారు బొటనవ్రేలు ఎత్తిన గుర్తు నొకదానిని తిరిగి పంపుదురు. ఇందులో లాభమెంతో కలదు: కదలలేని ముసలితల్లి కుమారుని కేదారయాత్రను ఆనాడే చూచుచున్నది. నష్టమును కలదు: ఆ బొమ్మ వెనుకనున్న కథను ఆమె అడుగుటకు అతడు ఎదుట లేడు. అందరును ఒకచోట కూడవలసిన అగత్యమును తప్పించిన సాధనము మేలైన సాధనమే. అగత్యము లేనిదే మనము కూడమన్నది మన లోపము, సాధనముది కాదు.

కాబట్టి పాఠకులకొక విన్నపము. మీ యింట అటకమీద స్లైడుల డబ్బాగాని, నెగెటివుల కవరుగాని ఉన్నచో ఈ సెలవులలో దింపి చూడుడు. కొడాక్రోమ్ చీకటిలో ఉంచిన దశాబ్దములు చెక్కుచెదరదు, ప్రొజెక్టరు దీపమునకే వెలిసిపోవును. తక్కిన రకములు చాలవరకు చీకటిలోనే ఎర్రబారును. తేమ తగిలిన అన్నింటికిని బూజు పట్టును. కనుక ముందుగా స్కాన్ చేయించి, పిమ్మట పొడిచోట దాచుడు. అంతకంటె ముఖ్యము, ఆ బొమ్మలలోని యూళ్లను, మనుష్యులను గుర్తుపట్టగల పెద్దలున్నప్పుడే వారి ప్రక్కన కూర్చుండి అడిగి, ప్రతి అట్టచట్రముమీదను పేరు, ఊరు, సంవత్సరము పెన్సిలుతో వ్రాయుడు. బొమ్మను ఏ ల్యాబయినను బాగుచేయును. పేర్లు మాత్రము మీ యింటివారే చెప్పవలెను.