బానా తీగ నుంచి కుంచె దాకా: మన గురువు జంగఢ్ సింగ్ శ్యామ్



మన పెద్దలను తలచుకునే ఈ సంచికలో ఒక బొమ్మల గురువు గురించి మీకు చెప్పాలనుకున్నాం. ఆయన మన జిల్లావాడు కాదు. మధ్యప్రదేశ్‌లో, నర్మద ఎగువ లోయలో పుట్టినవాడు. అయినా ఆయన మనవాడే. ఆయన పూర్వీకులు ఏ దేవుడి కథలు పాడి బతికారో, ఆ దేవుడి ముందే మన ఆదిలాబాద్ గూడేల్లో ప్రధాన్లు కిక్రి వాయిస్తారు. ఆయన పేరు జంగఢ్ సింగ్ శ్యామ్. బడిలో డ్రాయింగ్ మాస్టారుగా ఏనాడూ పని చేయలేదు. తనే బడి సగంలో మానేశాడు. కానీ ఈరోజు దేశదేశాల్లో "గోండు చిత్రకళ" అని పిలుస్తున్నదాన్ని నేర్పిన తొలి గురువు ఆయనే.

పాటన్‌గఢ్ పిల్లవాడు

జంగఢ్ 1960ల మొదట్లో పాటన్‌గఢ్ అనే ఊళ్లో పుట్టాడు. అప్పుడది మండ్లా జిల్లాలో ఉండేది, ఇప్పుడు దిండోరి జిల్లాలో ఉంది. ఆయన పుట్టిన రోజుల్లో ఊళ్లో జనగణన జరుగుతోందట, అందుకే ఆ పేరు పెట్టారని చెబుతారు. పాటన్‌గఢ్ అప్పటికే పుస్తకాలకెక్కిన ఊరు. 1940ల్లో వెరియర్ ఎల్విన్, ఆయన మిత్రుడు శామ్‌రావ్ హివాలే అక్కడే ఉండి పని చేశారు. నర్మద ఎగువ లోయ పర్ధాన్ల గురించి హివాలే రాసిన పుస్తకం 1946లో వచ్చింది.

పర్ధాన్లు గోండుల భట్టులు, వంశకథకులు. వాళ్ల కథ ప్రకారం ఏడుగురు అన్నదమ్ముల్లో అందరికన్నా చిన్నవాడు బానా అనే తీగల వాద్యం చేసి, దాన్ని వాయించి బడా దేవ్‌ను సంతోషపెట్టాడు. ఆ చిన్నవాడి సంతతే పర్ధాన్లు. బడా దేవ్ ఉండేది సాజా చెట్టులో. మనం నల్లమద్ది అనే చెట్టు అదే. పర్ధాన్ బానా మీటి పాడితే దేవుడు మేలుకుంటాడు, వంశం పేర్లన్నీ వరసగా వినబడతాయి. మూడేళ్లకోసారి పర్ధాన్ తన గోండు యజమాని ఇంటికి వెళ్లి పాడేవాడు. యజమాని ధాన్యమో, పశువో, బట్టలో ఇచ్చి పంపేవాడు.

ఈ ఏర్పాటు ఇరవయ్యో శతాబ్దంలో మెల్లగా కూలిపోయింది. అడవి మీద హక్కులు పోయి, భూములు తగ్గి యజమానులే పేదవాళ్లయ్యారు. వాళ్లకే లేనప్పుడు పాడేవాడికి ఏం పెడతారు? పర్ధాన్ల పిల్లలు కూలిపనికి పోవడం మొదలుపెట్టారు. జంగఢ్ కూడా గేదెలు కాశాడు, కూలికి వెళ్లాడు. చిన్న వయసులోనే నన్‌కుసియాతో పెళ్లయింది. బానా అటకెక్కుతున్న కాలంలో ఆయన పెరిగాడు. కథలు మాత్రం ఆయన చెవుల్లోనే ఉన్నాయి.

ఊళ్లో బొమ్మలు లేకపోలేదు. పండగకు, పెళ్లికి ఆడవాళ్లు సుద్దమన్ను, ఎర్రమన్ను, పసుపుమన్ను, బొగ్గు కలిపి ఇళ్ల గోడలు అలంకరించేవాళ్లు. నేల మీద, గోడ మీద వేసే "డిగ్నా" మన ముగ్గు లాంటిదే. మట్టితో గోడ మీద ఉబ్బెత్తు బొమ్మలు కూడా చేసేవాళ్లు. ఒంటి మీద పచ్చబొట్ల చుక్కలు సరేసరి. జంగఢ్ మట్టి బొమ్మలు చేయడంలో, గోడ మీద గీయడంలో ఊళ్లో పేరు తెచ్చుకున్నాడు.

భోపాల్ పిలుపు

1981లో భోపాల్‌లో భారత్ భవన్ అనే కళాకేంద్రం కడుతున్నారు. దాని చిత్రకళా విభాగాన్ని నడపడానికి వచ్చిన చిత్రకారుడు జె.స్వామినాథన్ ఒక కొత్త పని తలపెట్టాడు. పట్నం చిత్రకారుల బొమ్మల పక్కనే ఆదివాసుల బొమ్మలు సమానంగా పెట్టాలని ఆయన పట్టుదల. అందుకోసం యువ కళాకారులను జట్లుగా పల్లెలకు పంపాడు. అలా వచ్చిన ఒక జట్టు పాటన్‌గఢ్‌లో ఒక ఇంటి గోడ మీద బొమ్మ చూసి ఆగిపోయింది. ఎవరు వేశారని అడిగితే జంగఢ్‌ను చూపించారు.

వాళ్లు ఇచ్చిన కాగితం మీద, పోస్టర్ రంగులతో ఆయన బొమ్మ వేశాడు. ఆ మెరిసే రంగులు మొదటిసారి ముట్టుకున్నప్పుడు ఒళ్లు ఝల్లుమన్నదని తర్వాత చెప్పుకున్నాడు. మట్టి రంగులు తప్ప ఎరగని చేతికి అది ఎంత పెద్ద సంగతో ఊహించుకోండి. స్వామినాథన్ ఆయన్ను భోపాల్‌కు రప్పించాడు. 1982 ఫిబ్రవరిలో భారత్ భవన్ తెరిచినప్పుడు జంగఢ్ బొమ్మలు అందులో ఉన్నాయి. అక్కడి గ్రాఫిక్స్ విభాగంలో ఆయనకు పని దొరికింది. అచ్చు బొమ్మల పని అక్కడే నేర్చుకున్నాడు.

దేవుడికి రూపం

ఇక్కడ ఒక విషయం మీరు గమనించాలి. పర్ధాన్ల దేవుళ్లకు అంతకుముందు బొమ్మ లేదు. మన పెర్సా పేన్‌కు కూడా మనిషి రూపం పెట్టి కొలవం కదా. వాళ్ల దేవుళ్లు పాటలో ఉండేవాళ్లు, చెట్టులో ఉండేవాళ్లు. బడా దేవ్, ఠాకూర్ దేవ్, ఫుల్‌వారీ దేవి, మరాహీ దేవి వంటి దేవతలను కాగితం మీదికి, కాన్వాసు మీదికి తెచ్చినవాడు జంగఢ్. ఎదురుగా నకలు తీయడానికి ఏదీ లేదు. తాతలు పాడిన మాటల్లోంచే రూపం వెతుక్కున్నాడు.

ఆయన బొమ్మ దగ్గరికి వెళ్లి చూస్తే అంతా చుక్కలు, సన్నని గీతలు, దువ్వెన పళ్లలాంటి వరసలు. దూరం నుంచి చూస్తే ఆ చుక్కలు కదులుతున్నట్టుంటాయి. జింక కొమ్ములు చెట్టు కొమ్మలైపోతాయి. పాము, పీత, సాలీడు, పులి, పక్షి అన్నీ ఆయన కాగితం మీదికి వచ్చాయి. పట్నంలో చూసిన విమానం కూడా వచ్చింది. అడవి జంతువును ఎంత శ్రద్ధగా వేశాడో విమానాన్నీ అంతే శ్రద్ధగా వేశాడు.

గుర్తింపు త్వరగానే వచ్చింది. 1986లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం శిఖర్ సమ్మాన్ ఇచ్చింది. 1989లో పారిస్‌లో ప్రపంచమంతటి నుంచీ కళాకారులను పిలిచి పెట్టిన పెద్ద ప్రదర్శనకు ఆయన వెళ్లాడు. చార్లెస్ కొరియా రూపొందించిన భోపాల్ విధాన భవన్ గోడల మీద ఆయన బొమ్మలు ఉన్నాయి. శాసనాలు చేసే ఇంటి గోడ మీద ఒక పర్ధాన్ చేతి గీత ఉండడం చిన్న సంగతి కాదు. 1998లో ఢిల్లీ క్రాఫ్ట్స్ మ్యూజియంలో జ్యోతీంద్ర జైన్ ఐదుగురు జానపద, ఆదివాసీ కళాకారులను గొప్ప కళాకారులుగా నిలబెట్టిన ప్రదర్శనలోనూ జంగఢ్ ఉన్నాడు.

ఇల్లే బడి

మేము ఆయన్ను గురువు అంటున్నది ఈ బిరుదులకు కాదు. భోపాల్‌లో ఆయన ఇంటికి తలుపు వేసి ఉండేది కాదు. ఊరి నుంచి తమ్ముళ్లు, మేనల్లుళ్లు, బంధువుల పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చేరారు. వాళ్లకు తిండి పెట్టాడు, చేతికి కుంచె ఇచ్చాడు. పెద్ద బొమ్మకు తను బయటి గీత గీసి, లోపల చుక్కలు నింపడం వాళ్లకు అప్పగించేవాడు. వరి నాటడం పిల్లలు ఎలా నేర్చుకుంటారు? పెద్దవాళ్ల పక్కన వంగి నాటుతూ నేర్చుకుంటారు. ఇదీ అంతే.

భజ్జూ శ్యామ్ కథ చూడండి. పేదరికం వల్ల ఊరు వదిలి భోపాల్ వచ్చి రాత్రి కాపలాదారుగా, కరెంటు పనివాడిగా బతికాడు. బంధువైన జంగఢ్ పిలిచి బొమ్మల్లో సాయం చేయమన్నాడు. ఆ చెయ్యి తర్వాత లండన్‌లో ఒక హోటల్ గోడలు చిత్రించింది. ఆ ప్రయాణం మీద భజ్జూ వేసిన "ద లండన్ జంగిల్ బుక్" 2004లో చెన్నైలోని తారా బుక్స్ నుంచి వచ్చింది. అందులో లండన్ గడియారపు గోపురం కోడిపుంజు అయింది, బస్సు నమ్మకమైన కుక్క అయింది. 2018లో భజ్జూకు పద్మశ్రీ వచ్చింది. వెంకట్ రామన్ సింగ్ శ్యామ్ ఢిల్లీలో రిక్షా తొక్కినవాడు. ఆయన కూడా జంగఢ్ దగ్గరే నేర్చుకుని సొంత దారి వేసుకున్నాడు.

నన్‌కుసియా కూడా కుంచె పట్టింది. కూతురు జపానీ, కొడుకు మయాంక్ ఇద్దరూ చిత్రకారులే. అదే ప్రాంతం నుంచి వచ్చిన దుర్గాబాయి వ్యామ్‌కు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆమె, భర్త సుభాష్ వ్యామ్ కలిసి అంబేద్కర్ జీవితాన్ని డిగ్నా గీతలతో బొమ్మల పుస్తకంగా చేశారు. దాని పేరు "భీమాయన".

ఈ బాణీకి హిందీ రచయిత ఉదయన్ వాజపేయి "జంగఢ్ కలం" అని పేరు పెట్టాడు. మొఘల్ కలం, పహాడీ కలం అన్నట్టే. అయితే గురువు చేతి అచ్చు అందరిలో ఒకేలా కనబడదు. ప్రతి కళాకారుడికీ లోపల నింపే నమూనా వేరుగా ఉంటుంది. ఒకరివి చుక్కలు, ఒకరివి గింజలు, ఒకరివి గొలుసులు. ఆ నమూనా చూసి ఎవరి బొమ్మో చెప్పవచ్చు. శిష్యుడు తన నకలు కాకుండా చూసుకున్నవాడే మంచి గురువు.

జపాన్‌లో ముగింపు

ఇప్పుడు బాధపెట్టే మాట చెప్పాలి. దాచడం మంచిది కాదు. 2001 జులైలో జపాన్‌లోని ఒక మ్యూజియంలో ఉండి బొమ్మలు వేస్తున్న జంగఢ్ ఆత్మహత్య చేసుకున్నాడు. సుమారు నలభై ఏళ్ల వయసు. ఇల్లు, భాష, మనుషులు అన్నీ దూరం. ఇంటికి రావాలన్న కోరిక ఆయన ఉత్తరాల్లో కనబడిందని తర్వాత బయటికొచ్చింది. ఆ వార్త విని దేశంలో కళాకారులు, రచయితలు ప్రశ్నలు వేశారు. ఆదివాసీ కళాకారుడు పరాయి దేశం వెళ్లినప్పుడు ఒప్పందంలో ఏముంది, కూలి ఎంత, రావాలనిపిస్తే వచ్చే వీలుందా, మనసు బాగోలేకపోతే ఎవరు చూసుకుంటారు?

ఒక మనిషి అలా ఎందుకు వెళ్లిపోయాడో బయటివాళ్లం తేల్చలేం. కానీ ఆ ప్రశ్నలు మనవి. 2010లో న్యూయార్క్‌లో సదబీస్ వేలంలో, 1988లో ఆయన వేసిన సాలీడు బొమ్మ 31,250 డాలర్లకు పోయింది. అప్పటికి ఆయన లేడు.

మీలో చాలామంది హాస్టళ్లలో, దూరపు పట్నాల్లో చదువుతున్నారు, పని చేస్తున్నారు. దిగులు ఎక్కువైతే దాచుకోకండి. ఇంటికి చెప్పండి, స్నేహితుడికి చెప్పండి, మాకు చెప్పండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. పక్క మంచం మీద తమ్ముడు మౌనంగా ఉంటే మీరే ముందుగా పలకరించండి.

మన చేతిలో ఏముంది

మన దగ్గరా ఇలాంటి గురువులు ఉన్నారు. మార్లవాయి గుస్సాడీ గురువు కనక రాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. ఎందరో పిల్లలకు అడుగులు నేర్పి 2024లో వెళ్లిపోయారు. కోయల వంశకథలు డోలి మీద పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన కూడా 2024లోనే పోయారు. పహాండి కుపార్ లింగాల్ కథ, జంగుబాయి కథ కిక్రి మీద పూర్తిగా పాడగలిగే ప్రధాన్ పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. గుంజాలలో పాత రాతప్రతులు దొరికాక మన గోండి లిపి కంప్యూటర్ల దాకా చేరింది. పాటకు కూడా అలాంటి అదృష్టం పట్టాలంటే ఎవరో ఒకరు కూర్చుని వినాలి.

అందుకే మిమ్మల్ని కొన్ని పనులు అడుగుతున్నాం. మీ గూడెంలో కిక్రి వాయించే తాత ఉంటే ఈ దండారి పండగకే ఆయన దగ్గర కూర్చోండి. ఒప్పుకుంటేనే ఫోన్‌లో రికార్డు చేయండి. దేవుడి ముందు మాత్రమే పాడేవి ఏవో అడిగి తెలుసుకోండి, వాటిని బయట పెట్టకండి. అవ్వ గోడ మీద వేసే ముగ్గుకు, ఒంటి మీద పచ్చబొట్టుకు పేరేమిటో రాసుకోండి. మీకు బొమ్మలు వేయడం వస్తే కింద మీ పేరు రాయండి. ఎవరైనా కొంటామంటే, ఊరికి రమ్మంటే, కాగితం చదివించుకున్నాకే సంతకం పెట్టండి. బజారులో చీరల మీద, సంచుల మీద "గోండు ఆర్ట్" అని అచ్చు వేసి అమ్ముతున్న వాటిలో వేసినవాడి పేరు ఎక్కడైనా కనబడుతోందేమో ఒకసారి చూడండి.

జంగఢ్‌కు ముందు పాటన్‌గఢ్‌లో బానా మూగబోతోంది. ఆ పాటను ఆయన గోడ మీదికి, కాగితం మీదికి తెచ్చి, పక్కవాడి చేతికి కూడా ఒక కుంచె ఇచ్చాడు. ఇవాళ ఆ ఊళ్లో ఎన్నో ఇళ్లలో బొమ్మలు వేసి బతుకుతున్నారు.

మన గూడెంలో ఆ పక్కవాడు ఎవరో మీరే చూసుకోండి.

జై సేవా.