నింజా గైడెన్: చిన్న యంత్రంలో పెద్ద కథ

1988 డిసెంబరులో జపాన్‌కు చెందిన టెక్మో సంస్థ, నింటెండో వారి ఫ్యామికామ్ అనే గృహ వీడియో గేమ్ యంత్రం కోసం 'నింజా ర్యూకెన్‌డెన్' అనే ఆటను విడుదల చేసింది. అదే ఆట మరుసటి సంవత్సరం అమెరికాలో 'నింజా గైడెన్' పేరుతోనూ, 1991లో ఐరోపాలో 'షాడో వారియర్స్' పేరుతోనూ వెలువడింది. అరుగుల మీదుగా, గోడల మీదుగా దూకుతూ పక్కకు సాగిపోయే ఇటువంటి ఆటలను ప్లాట్‌ఫారమ్ ఆటలు అంటారు. వాటిలో నింజా గైడెన్‌కు కఠినమైన ఆట అన్న పేరే ఎక్కువగా స్థిరపడింది గాని, చరిత్ర దృష్టితో చూస్తే దాని అసలు ఘనత కథ చెప్పిన తీరులో ఉంది.

నింజాలు మధ్యయుగ జపాన్‌లో ఇగా, కోగా ప్రాంతాలకు పేరు తెచ్చిన గూఢచారులు. 1581లో యుద్ధనాయకుడు ఓడా నొబునాగా సేనలు ఇగాను ధ్వంసం చేశాయి. నల్ల దుస్తులు ధరించి, అద్భుతాలు చేసే నింజా రూపం ఆ చరిత్ర నుంచి గాక, తర్వాతి కాలపు రంగస్థలం, చిత్రకళ, జనరంజక కథల నుంచి వచ్చింది. 1980లలో అమెరికన్ చలనచిత్రాలు ఆ రూపానికి విపరీతమైన ఆదరణ తెచ్చాయి. ఈ ఆటలో కథానాయకుడు ర్యూ హయబూసా తండ్రి ఖడ్గంతో అమెరికాకు ప్రయాణం కట్టడం ఆ వాతావరణానికి తగిన కల్పనే.

1983లో వచ్చిన ఫ్యామికామ్‌లో వర్కింగ్ మెమరీ కేవలం 2 కిలోబైట్లు. ప్రాసెసర్ వేగం సుమారు 1.79 మెగాహెర్ట్జ్. తెరపై కదిలే చిన్న బొమ్మలను స్ప్రైట్లు అంటారు. అవి ఒకేసారి 64కు మించకూడదు, ఒకే అడ్డగీత మీద 8కి మించితే మిగిలినవి కనిపించవు. ఆట నిక్షిప్తమై ఉండే కార్ట్రిడ్జ్‌లో, అంటే మన ఊళ్లలో క్యాసెట్ అని పిలిచిన ప్లాస్టిక్ డబ్బాలో, బొమ్మలు, సంగీతం, ఆట నియమాలు అన్నీ కలిపి 256 కిలోబైట్లలో ఇమడవలసి వచ్చింది.

ఇంత ఇరుకులోనే దర్శకుడు హిదెయో యోషిజావా బృందం సినిమాను తలపించే సన్నివేశాలు నిర్మించింది. వెన్నెల రాత్రి గడ్డి మైదానంలో ఇద్దరు నింజాలు ఎదురెదురుగా పరుగెత్తి, గాలిలోకి లేచి ఖడ్గాలు ఝళిపించగా ఒకరు నేలకూలడంతో ఆట ఆరంభమవుతుంది. పడిపోయినవాడు కథానాయకుని తండ్రి. తెర పైభాగాన్ని, కింది భాగాన్ని నల్లగా వదిలేసి నడుమ మాత్రమే చిత్రం చూపడం వల్ల తక్కువ బొమ్మలతోనే పని జరిగేది. కింది చోటులో సంభాషణ అక్షరాలు వెలువడేవి. నిశ్చలంగా ఉన్న ముఖం వెనుక నేపథ్యాన్ని జరిపి కదలిక భ్రమ కల్పించారు. టెక్మో థియేటర్ అని పేరుపెట్టిన ఈ సన్నివేశాలు ప్రతి అంకం చివరా కథను ఒక మలుపు తిప్పుతాయి కాబట్టి, ఆడేవారికి తర్వాతి అంకం చేరడమే బహుమానంగా మారింది. ఈ పనిలో పాలుపంచుకున్న మసాతో కాతో తర్వాత 'క్రోనో ట్రిగ్గర్' అనే ఆట కథా రచనలోనూ భాగస్వామి అయ్యారు. అసలు పేర్లు దాచి మారుపేర్లతో రూపకర్తలను పేర్కొనే నాటి ఆనవాయితీ వల్ల, కీజీ యమగిషి వంటి సంగీతకర్తలకు దక్కవలసిన గుర్తింపు చాలాకాలం ఆలస్యమైంది.

ఆట కాఠిన్యానికి కారణాలు స్పష్టమే. దెబ్బ తగిలిన ప్రతిసారీ ర్యూ వెనక్కి ఎగిరిపడతాడు, వెనుక గొయ్యి ఉంటే ప్రాణం పోతుంది. శత్రువుల రాక తెర అంచు ఎక్కడుందన్న దాని మీద ఆధారపడి ఉండడం వల్ల, ఒక్క అడుగు వెనక్కి వేసి మళ్లీ ముందుకు కదిలితే చంపిన శత్రువే తిరిగి ప్రత్యక్షమవుతాడు. దూకే క్షణానికే సూటిగా వచ్చి తగిలే పక్షులు నేటికీ ఆటగాళ్ల నోట నానుతున్నాయి. ఆరో అంకంలో చివరి ప్రతినాయకుల చేతిలో ఓడితే అంకం మొదటికే వెళ్లవలసి రావడం మాత్రం న్యాయమైన పరీక్ష అనిపించుకోదు. అయినా గోడను పట్టుకుని ఎదుటి గోడకు దూకే విద్య, ఖడ్గం దూసిన మరుక్షణమే స్పందించే నియంత్రణ, ఎన్నిసార్లు ఓడినా మళ్లీ కొనసాగించే వెసులుబాటు ఆ కష్టాన్ని సహ్యం చేశాయి. ఈ ఆటకు 1991లో వచ్చిన మూడో భాగపు అమెరికా ప్రతిలో ఆ వెసులుబాటునే పరిమితం చేయడం పొరపాటు నిర్ణయం.

1990లలో ఫ్యామికామ్ నకలు యంత్రాలు మన దేశపు బజార్లకు చేరినప్పుడు మారియో, కాంట్రా వంటి ఆటలకు వచ్చిన ప్రాచుర్యం ఈ ఆటకు రాలేదు. 2016లో నింటెండో విడుదల చేసిన చిన్న యంత్రంలోని 30 ఆటల్లో ఇదీ చేరింది. అయితే నేటి పలుచని టీవీలలో కొన్ని, బటన్ నొక్కడానికీ బొమ్మ కదలడానికీ నడుమ స్వల్ప జాప్యం కలిగిస్తాయి. సెకనులో చిన్న భాగం మీద గెలుపోటములు తేలే ఆటకు అది పెద్ద లోటు. కాబట్టి నింజా గైడెన్‌ను అన్యాయమైన ఆటగా తీర్పు చెప్పబోయేవారు, వీలైతే ముందుగా పాత పిక్చర్ ట్యూబ్ టీవీ మీద ఆడి చూడాలి.