ఉబ్బసమునకు పీల్చుమందు

ఏనుమాముల మార్కెట్టునకు మిరప బస్తాలు రాసాగినంతనే వరంగల్లులో గాలి ఘాటెక్కును. పెద్దలకు నాలుగు తుమ్ములతో పోవునది ఉబ్బసపు పిల్లలకు పిల్లికూతలై, ఆయాసమై పరిణమించును. అట్టి పిల్లలు ప్రతిదినము పీల్చవలసిన నివారకౌషధము నేడు కలదు. అయినను ఆయాసము తగ్గిన మరునాడే దానిని అటకెక్కించు ఇండ్లను మేము పెక్కు చూచితిమి. ఈ అలవాటునకు మూలము ఆ మందుల చరిత్రలోనే ఉన్నదని మాకు తోచుచున్నది.

ఊపిరితిత్తులకు మందును ఊపిరితోనే పంపుట మన దక్షిణదేశమునకు క్రొత్త కాదు. ఉమ్మెత్త పొగ పీల్చుట ఇచ్చటి పాత వైద్యమే. మద్రాసులో వైద్యాధికారిగా నుండిన జేమ్స్ అండర్సన్ వలన దానిని గ్రహించిన జనరల్ జెంట్ అను సేనాని 1802 ప్రాంతమున బ్రిటనుకు చేరవేసెను. పిమ్మట ఉబ్బసపు సిగరెట్లు ఐరోపా అంగళ్ళలో చిరకాలము అమ్ముడుపోయినవి. ఉమ్మెత్త విషము; నేడెవరును ప్రయత్నింపరాదు.

1955లో అమెరికాలోని రైకర్ కంపెనీ అధిపతి జార్జి మైసన్‌ను, ఉబ్బసముతో బాధపడు ఆయన కుమార్తె, తన మందు తలవెండ్రుకలకు చల్లుకొను పిచికారీవలె ఏల ఉండరాదని అడిగినదట. మరుసటి యేడే, ఒక్క నొక్కునకు కొలిచినంత మందు వెడలు ఇన్‌హేలరు వెలువడెను. 1959లో మన కాకతీయ వైద్యకళాశాల వెలసిననాటికి దాని వయస్సు మూడేండ్లు.

కాని అది ఉపశమనమునకే. బిగిసిన శ్వాసనాళములను వదులు చేయును గాని లోపలి వాపును తగ్గింపదు. 1960 దశకమున బ్రిటనులో ఉబ్బసపు మరణములు పెరిగినవి. పది మొదలు పదునాలుగేండ్ల పిల్లలలో పెరుగుదల మిక్కుటము. ఘాటైన ఐసోప్రెనలిన్ ఇన్‌హేలర్లే కారణమని పలువురు తలచిరి.

వాపును తగ్గించు స్టెరాయిడ్లు మాత్రలుగా అదివరకే ఉండెను. కాని దీర్ఘకాలము మింగిన పిల్లల ఎదుగుదల కుంటుపడెడిది. 1972లో బెక్లోమెథసోన్ ఇన్‌హేలరు వచ్చినప్పుడే ఈ చిక్కు చాలవరకు విడినది. ఒక నొక్కున గ్రాములో పదివేలవ వంతు చాలును. అదియు నేరుగా శ్వాసనాళములకే చేరును. దీనివలన ఎత్తు తగ్గదా? బుడెసొనైడ్ పీల్చిన పిల్లలను పెద్దవారగువరకు పరిశీలించి 2012లో ప్రకటించిన అమెరికా పరిశోధనలో తేలిన తేడా ఇంచుమించు ఒక సెంటీమీటరు. ఊపిరాడక గడపిన రాత్రులతో దానిని తల్లిదండ్రులే తూచవలెను.

ఇట్లు ఉపశమనపు మందు ముందు వచ్చినది, నివారకము పదునారేండ్లు వెనుక. మొదటిది నిమిషములలో ఫలము చూపును. రెండవది వారములు పట్టును. పిల్లవాడు ఆడుకొనుచున్నను మానరాదు. మృగశిర కార్తెనాడు నాంపల్లి మైదానమున చేపమందు కొరకు బారులు తీరు జనమును చూచిన, ఏటికొకసారి మ్రింగు మందుపై మనకెంత మక్కువయో తెలియును. దాని గుణమును శాస్త్రము నిరూపింపలేదు.

చిన్నపిల్లలు నొక్కుతోపాటు ఊపిరి పీల్చలేరు. అందుకై స్పేసరను గొట్టము కలదు. పసివారికి దానికి మాస్కు తగిలింతురు. పీల్చిన పిదప నోరు పుక్కిలింపవలెను, లేనిచో నోట బూజు పూయవచ్చును. మందును తగ్గించుట డాక్టరు పని.

ఉబ్బసమునకై ఏర్పడిన అంతర్జాతీయ సంస్థ గినా, యౌవనప్రాయులకును పెద్దలకును ఉపశమనపు ఇన్‌హేలరును ఒంటరిగా ఈయరాదని 2019లో సూచించెను. రైకర్ ఇన్‌హేలరు పుట్టి అప్పటికి 63 ఏండ్లు.