సైనిక శాసనం, పౌర సాక్ష్యం: 1948 హైదరాబాదు చెప్పే పాఠం

యుద్ధం ఆగిపోయినంత మాత్రాన శాంతి నెలకొన్నట్లు కాదు. తుపాకుల మోతను సైన్యం ఆపగలదు. కాని పొరుగువాని ఎదుట పొరుగువాడు నిర్భయంగా నిలబడే స్థితిని తేవాలంటే, సైన్యానికి పౌరుల తోడ్పాటు తప్పనిసరి. ఈ సత్యానికి మన గడ్డమీదనే ఒక నిదర్శనం ఉన్నది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం లొంగుబాటు ప్రకటించారు. మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక గవర్నరు అయ్యారు. సంస్థానంలోని 16 జిల్లాలూ ఆయన పాలన క్రిందికి వచ్చాయి. నేటి రామకృష్ణాపూర్, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతం నాటి ఆదిలాబాదు జిల్లాలోనిదే. అంతకుముందు రజాకార్లు సాగించిన దౌర్జన్యాలకు ప్రతీకారమంటూ, వాటితో ఏ సంబంధమూ లేని ముస్లిములపై అనేకచోట్ల దాడులు జరిగాయి.

ఈ వార్తలు ఢిల్లీకి చేరగా, ప్రధాని నెహ్రూ కోరికపై పండిత సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ గార్లు సౌహార్ద బృందంగా బయలుదేరారు. ఖాజీ గారు హైదరాబాదులో ‘పయామ్’ పత్రికను నడిపిన ప్రసిద్ధ రచయిత. నవంబరు, డిసెంబరు నెలలలో వీరు 9 జిల్లాలు తిరిగారు. తాము వెళ్ళలేని 109 గ్రామాలకు చెందిన 500 మందికి పైగా ప్రజలను విచారించారు. బహిరంగ సభలలో హిందువులను, ముస్లిములను ఒకేచోట కూర్చోబెట్టి, మైత్రిని గురించి మాట్లాడారు.

వారి నివేదికలో పక్షపాతం కనిపించదు. జనరల్ చౌధురిలో మతద్వేషపు ఛాయ లేదని అది ప్రశంసించింది. సైన్యం పలుచోట్ల ముస్లిములను రక్షించిందని వ్రాసింది. మరికొన్ని చోట్ల సైనికులే హత్యలకు, దోపిడీకి పాల్పడ్డారని కూడా అంతే స్పష్టంగా వ్రాసింది. మృతుల సంఖ్య 27 వేల నుండి 40 వేల వరకు ఉండవచ్చునని అంచనా వేసింది.

ఆ నివేదికలోని మరొక అంశం గమనించదగినది. ఒకే వృత్తి చేసుకునేవారి మధ్య సానుభూతి ఎక్కువగా కనిపించిందట. కొన్నిచోట్ల హిందూ నేతపనివారు ముస్లిం నేతపనివారిని కాపాడటానికి తమ ప్రాణాలనే అర్పించారు. బొగ్గు బాయి దిగే మన కార్మికులకు దీనిని వేరుగా వివరించనక్కరలేదు. పైకప్పు కూలినప్పుడు ప్రక్కనున్నవాని మతమేమిటని అడిగేవారెవరూ ఉండరు.

అయితే ఈ సహకారం సగంలోనే ఆగిపోయింది. ఆ నివేదిక దశాబ్దాల తరబడి ప్రజలకు అందలేదు. 2013లో గాని పూర్తిపాఠం గ్రంథరూపంలో విస్తృతంగా వెలుగులోకి రాలేదు. సత్యం మరుగునపడినచోట వదంతులు పెరుగుతాయి. బాధితునికి న్యాయం అందదు. నిర్దోషియైన సైనికునికి దక్కవలసిన మంచిపేరూ దక్కదు. పోట్లాడుకునే రెండు వర్గాల మధ్య సుల్హ్ చేయమని ఆదేశించిన ఖుర్ఆన్, ఆ సుల్హ్ న్యాయంతో కూడినదై ఉండాలని కూడా ఆదేశించింది. సాక్ష్యాన్ని దాచిపెట్టి న్యాయం చేయటం ఎవరి తరమూ కాదు.

కనుక ఈ చరిత్రనుండి నేర్వవలసినది ఇది: ఆయుధం పట్టినవాడు శాసనానికి లోబడాలి, పౌరుడు చూచినది చూచినట్లు చెప్పాలి, ప్రభుత్వం దానిని వినాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా శాంతి నిలువదు. మనవంతు కర్తవ్యం కూడా ఒకటున్నది. ఆనాటి రోజులను చూచిన వృద్ధులు ఇప్పుడు బహుకొద్దిమంది. ఎవరు చంపారో చెప్పే మాటలతోపాటు, ఎవరు తలుపు తెరచి ఆశ్రయమిచ్చారో చెప్పే మాటలను కూడా వ్రాసి భద్రపరచాలి. రెండవది లేకుండా మొదటిది మాత్రమే మిగిలితే, మన పిల్లలకు దక్కేది చరిత్ర కాదు, పగ మాత్రమే.