పద్మనాభ యుద్ధం: తుపాకీ మూతికి తొడిగిన కత్తి

ఆనందపురానికి పొరుగున, గోస్తనీ తీరంలోని పద్మనాభం వద్ద 1794 జూలై 10న విజయనగరం సంస్థానాధిపతి రెండవ విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి నేలకొరిగాడు. పేష్కషు బకాయిల వివాదం, మచిలీపట్నానికి వెళ్లిపొమ్మన్న కంపెనీ ఆజ్ఞ ఈ యుద్ధానికి దారితీశాయి. పోరు గంటలోపే ముగిసింది. ఈ స్వల్పవ్యవధిని తుపాకుల ఆధిక్యంతో మాత్రమే వివరించడం సమంజసమా అన్నది పరిశీలనార్హం.

నాటి కంపెనీ సిపాయిల తుపాకీ మూతి నుంచి మందు, గుండు కూరవలసిన రకం. గొట్టం లోపలి వ్యాసం సుమారు 19 మి.మీ.; లోపల మెలికల గాడులు లేనందున వంద గజాలు దాటితే గురి నిలవదు. సుశిక్షితుడైనా నిమిషానికి మూడుసార్లకు మించి పేల్చడం కష్టం. పేల్చిన ప్రతిసారీ, మళ్లీ నింపుకొనేదాకా సిపాయి నిరాయుధుడే. ఈ లోపాన్ని పూరించినది బాయినెట్టు. తొలినాళ్లలో దాని పిడిని గొట్టంలోకే దూర్చేవారు. అప్పుడు తుపాకీ పేల్చడానికి వీలుండదు. 17వ శతాబ్దం చివర ఐరోపాలో వాడుకలోకి వచ్చిన బోలు తొడుగు గొట్టం వెలుపల బిగిసి, మూతిని తెరచి ఉంచింది. ఇటువంటి ఆయుధపు మూతికి ఏ ఉపకరణం అమర్చినా గుండు దారికి, దట్టించే కడ్డీకి అడ్డు రాకూడదన్నదే మూలనియమం.

కాబట్టి కంపెనీ బలంలో తుపాకీతోపాటు, వరుస చెదరకుండా నింపి, పేల్చి, కత్తితో ముందుకు సాగే కవాతునూ లెక్కించాలి. అటువంటి స్థిర సేనకు జీతం ప్రధానంగా శిస్తు రాబడి నుంచే సమకూరేది. పేష్కషుకై సాగిన ఒత్తిడిని, పద్మనాభ పరాజయాన్ని ఒకే వ్యవస్థలోని రెండు ఘట్టాలుగా చదవడం యుక్తం.