టకోట్సుబో గుండె వైఫల్యం: మందుల చికిత్స

తీవ్రమైన మానసిక, శారీరక ఒత్తిడి తరువాత ఎడమ జఠరిక, ముఖ్యంగా దాని కొన భాగం, ఉన్నట్టుండి బలహీనపడి ఉబ్బిపోయే స్థితి టకోట్సుబో వ్యాధి. 1990లో జపాన్ వైద్యుడు హికారు సాటో, ఆయన సహచరులు దీన్ని వర్ణించారు. 2004 అక్టోబరులో నీగటా ప్రాంతంలో భూకంపం వచ్చినప్పుడు, భూకంప కేంద్రానికి దగ్గరి ఊళ్లలో ఈ కేసులు బాగా పెరిగాయి. రోగుల్లో పదింట తొమ్మిది వంతులు స్త్రీలే, అందులోనూ ముట్లుడిగినవారే ఎక్కువ. ఒత్తిడి వేళ రక్తంలోకి వెల్లువెత్తే అడ్రినలిన్ వర్గపు హార్మోన్లే గుండె కండరాన్ని దెబ్బతీస్తాయని ఎక్కువమంది నిపుణుల అభిప్రాయం.

ఛాతీనొప్పి, ఆయాసం, ఈసీజీలో తేడాలు, రక్తంలో ట్రోపోనిన్ పెరగడం అన్నీ గుండెపోటులాగే కనిపిస్తాయి. కాబట్టి యాంజియోగ్రాం అయ్యేదాకా ఆస్పిరిన్, హెపారిన్‌లతో గుండెపోటు వైద్యమే చేస్తారు. అదే సబబు కూడా. రక్తనాళాల్లో అడ్డంకి లేదని తేలాక చికిత్స దారి మారుతుంది. రక్తపోటు నిలకడగా ఉండి ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఫ్యూరోసెమైడ్, నైట్రోగ్లిజరిన్ వంటివి ఇస్తారు.

అసలు చిక్కు రక్తపోటు పడిపోయినప్పుడు వస్తుంది. ఇక్కడ మందు కంటే ముందు ఎకో పరీక్ష కావాలి. సుమారు ఐదుగురిలో ఒకరికి గుండె పైభాగం అతిగా బిగుసుకుని, రక్తం బృహద్ధమనిలోకి వెళ్లే దారి ఇరుకవుతుంది. అది గమనించకుండా అలవాటు ప్రకారం, గుండె సంకోచాన్ని పెంచే అడ్రినలిన్ తరహా మందైన డోబుటమిన్ ఎక్కిస్తే ఆ బిగువు పెరిగి దారి మరింత మూసుకుపోతుంది, రక్తపోటు ఇంకా దిగజారుతుంది. నీరు తీసే మందులు, నైట్రేట్లు కూడా అప్పుడు చెరుపే చేస్తాయి. అలాంటివారికి ఊపిరితిత్తుల్లో నీరు లేకపోతే జాగ్రత్తగా సెలైన్, ఎస్మొలాల్ వంటి త్వరగా దిగిపోయే బీటా బ్లాకర్, అవసరమైతే ఫినైల్‌ఎఫ్రిన్ పనికొస్తాయి. ఇరుకు లేనివారికి కూడా అడ్రినలిన్ తరహా మందులు వీలైనంత తగ్గించి, లెవోసిమెండాన్‌నో, యంత్రపు పంపునో ఆశ్రయించడం మేలు. రోగానికి మూలమైన పదార్థాన్నే మళ్లీ పోయడం మంచిది కాదు.

ఈసీజీలో క్యూటీ వ్యవధి సాగడం ఈ జబ్బులో మామూలే. దాన్ని ఇంకా సాగదీసే హాలోపెరిడాల్, అజిత్రోమైసిన్ వంటివాటికి దూరంగా ఉండాలి. జఠరికలో రక్తపు గడ్డ కనిపిస్తే, రక్తం గడ్డకట్టకుండా ఆపే మందులు సాధారణంగా మూడు నెలలు వాడతారు.

చాలామందికి గుండె కొన్ని వారాల్లోనే కోలుకుంటుంది. ఆ తరువాత ఏ మందులు కొనసాగించాలన్నది ఇంకా తేలని విషయం. 1,750 మంది వివరాలతో 2015లో వెలువడిన అంతర్జాతీయ పరిశీలనలో, ఏసీఈ నిరోధకాలు లేదా ఏఆర్‌బీలు అనే రక్తపోటు మందులు వాడినవారు ఏడాది తరువాత ఎక్కువగా బతికి ఉన్నారు. బీటా బ్లాకర్లతో అలాంటి లాభం కనబడలేదు. అది లాటరీ పద్ధతిలో రోగులను విడదీసి చేసిన ప్రయోగం కాదు కనుక, ఆ మేలు మందుదేనని నిశ్చయించలేం. బీటా బ్లాకర్లు వాడుతున్నవారికీ జబ్బు తిరగబెట్టిన సందర్భాలున్నాయి. కుంగుబాటు ఉన్నవారికి దాని చికిత్స కూడా అవసరమే, అయితే నార్అడ్రినలిన్‌ను పెంచే వెన్లాఫాక్సిన్ వంటి మందుల విషయంలో జాగ్రత్త వహించాలి.